కాశీలో వంకాయ వదిలేస్తే సరిపోతుందా?

(కాశీ, గయ యాత్రకు బయల్దేరుతున్నవారి కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంకా చోటుంది, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. పెద్దవాళ్ళకి ఆ కుర్చీలు ఇటు జరపండి బాబూ. వినపడుతోంది కదా? సరే.

వచ్చే వారం మీలో చాలామంది కాశీ వెళ్తున్నారు, అక్కణ్ణుంచి గయ. రైలు టిక్కెట్లు, గదులు, మందుల సంచి, రగ్గులు, వీటి సంగతంతా ఇందాక చెప్పారు. నేను చెప్పేది ఒక్క విషయమే. కాశీ వెళ్తున్నామనగానే ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు అడిగే మొదటి మాట ఏమిటి? "ఏం వదిలేస్తున్నారు?" అవునా, కాదా? మనవాళ్ళలో కాశీకీ వదలడానికీ అంత లంకె పడిపోయింది. ఇష్టమైన పండు ఒకటి, కాయ ఒకటి, కొన్ని ఇళ్ళలో ఆకు కూడా ఒకటి వదిలేసి వస్తారు. ఇక జన్మలో దాన్ని ముట్టుకోరు. కొందరు కాశీలో గంగలో మునిగి వదులుతారు, కొందరు గయలో అక్షయవటమనే మర్రిచెట్టు కింద వదులుతారు. ఎక్కడ వదలాలన్న విషయంలో తగువు పడకండి. మీ పెద్దలు ఎలా చేశారో అలా చేయండి.

మరి నిజంగా ఏం వదులుతున్నాం? ఈ హాల్లో ఇప్పటికే కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కాకరకాయ వదిలినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి, ఫరవాలేదు. చూశారా. పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ఇష్టంగా తిన్నవాళ్ళు అందులో ఎంతమంది? పండు దగ్గరికొస్తే పనసపండు, సీమరేగు. ఏడాదికోసారి కూడా ఇంటికి రానివి. షుగరున్నవాళ్ళు సపోటా వదులుతారు. డాక్టరుగారు ఎప్పుడో మాన్పించారు దాన్ని.

నేను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణపరమాత్మ త్యాగాన్ని మూడు రకాలుగా విడదీశాడు. చేయాల్సిన పనిని మోహంతో మానేస్తే అది తామస త్యాగం. కష్టంగా ఉందనో, ఒంటికి శ్రమనో మానేస్తే రాజస త్యాగం, దాని వల్ల త్యాగఫలం రాదు అని నేరుగా చెప్పాడు. చేయాల్సింది చేస్తూనే దానిమీద పట్టునీ, ఫలం మీద ఆశనీ వదిలితే సాత్త్వికం. ఇక్కడ బాగా గమనించండి. ఆయన మన చేతిలో వస్తువు ఉందా లేదా అని చూడలేదు, లోపల పట్టు ఉందా లేదా అని చూశాడు. ఇష్టంలేని కాయను వదిలినప్పుడు లోపల ఏం కదిలింది? ఏమీ కదల్లేదు. ఇంటికొచ్చాక కూడా ఏమీ కదలదు. ముప్ఫై ఏళ్ళు కాకరకాయ తినకుండా ఉన్నా ఒక్క రోజు కూడా సాధన జరగలేదన్నమాట.

అసలీ ఆచారం గయలో ఎక్కడ వస్తుందో చూడండి. గయలో ఇప్పుడు ముఖ్యంగా మూడు చోట్ల పిండప్రదానం చేయిస్తారు. మొదట ఫల్గునీ నది. ఏడాదిలో చాలాకాలం ఇసుక మేటలే కనిపించే నది అది. 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక విష్ణుపాదం దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. తర్వాత విష్ణుపాదాలు. ఇప్పుడున్న ఆలయం అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించింది. ఆఖర్న అక్షయవటం. సీతమ్మ దశరథుడికి ఇసుకతో పిండం పెడితే, అందుకు నిజమైన సాక్ష్యం చెప్పింది ఆ మర్రిచెట్టేనని స్థలపురాణం. అక్కడే గయావాళీ పండా, అంటే అక్కడి తీర్థపురోహితుడు, "సుఫలం" చెబుతాడు, అంటే మీ కర్మ సఫలమైందని ఆశీర్వదిస్తాడు. వదలడం వచ్చేది కూడా అక్కడే, అన్నీ అయ్యాక.

ఈ వరసలో ఒక విశేషం ఉంది. దయచేసి అక్కడ తొందరలో దీన్ని పోగొట్టుకోకండి. పిండాలు ఎవరెవరికి పెట్టిస్తారు? తండ్రి, తాత, ముత్తాత. తల్లి వైపు వాళ్ళు. అత్తమామల వైపు వాళ్ళు. తల్లికి విడిగా 16 పిండాలు, మాతృషోడశి. నిన్ను మోసినప్పుడు ఆమె పడ్డ ఒక్కొక్క బాధా చెప్పి ఒక్కొక్క పిండం. అక్కడ కళ్ళు తడవనివాళ్ళు ఉండరు. అక్కడితో ఆగదు. గురువులు, స్నేహితులు, ఇంట్లో పనిచేసినవాళ్ళు, పిల్లలు లేకుండా పోయినవాళ్ళు, పిండం పెట్టే దిక్కులేనివాళ్ళు, వేరే జన్మల్లో మనకు బంధువులైనవాళ్ళు, చివరికి పశువులు, పక్షులు, పురుగులు. ధర్మపిండాలంటారు. మంత్రం తండ్రి పేరుతో మొదలై, పేరు తెలియని పురుగు దాకా వెళ్తుంది. "నావాళ్ళు" అన్న గీత ఆ గంటసేపట్లో ఎంత దూరం జరిగిందో చూడండి! అంత దూరం జరిపాక చెట్టు కింద నిలబెట్టి, ఇప్పుడు నీకు ఇష్టమైనది ఒకటి వదులు అంటున్నారు. అప్పుడు కాకరకాయ పేరు చెబుతామా?

పిండాల మంత్రాలకు అర్థం అడగండి. తెలుగు పురోహితులే చేయిస్తారు కాబట్టి రెండేసి మాటల్లో చెప్పమంటే చెబుతారు. ముందు రోజే అడిగి పెట్టుకోండి. అక్కడికక్కడ అడిగితే వెనక ఇంకో బృందం నిలబడి ఉంటుంది, వాళ్ళకీ తీరిక ఉండదు.

ఇంకొక మాట. 1830లో, "కాశీయాత్ర చరిత్ర" రాసిన ఏనుగుల వీరాస్వామిగారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి తిరిగి ఇల్లు చేరడానికి 15 నెలలు పట్టింది. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే" అన్న సామెత ఆ రోజులదే. తిరిగి వస్తామో రామో తెలియదు. అప్పులు తీర్చి, అప్పగింతలు పెట్టి, అందరి దగ్గరా సెలవు తీసుకుని గుమ్మం దాటేవాళ్ళు. అంటే సగం వదలడం ఇంట్లోనే అయిపోయేది, మిగతాది దారి చేయించేది. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కితే 2 గంటల్లో కాశీ. చేతిలో ఫోను, ఫోనులో ఇంటి కెమెరా. పనిమనిషి ఎన్నింటికి వచ్చిందో దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాం. దారి మన చేత ఏదీ వదిలించడం లేదు. అందుకే ఇప్పుడు కావాలని, ముందుగా ఆలోచించుకుని వదలాలి.

ఎలా ఎంచుకోవాలి? ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి.

మీ ఇంటికి తరచూ వచ్చేది, వచ్చినప్పుడు మీరు రెండోసారి వడ్డించుకునేది ఎంచుకోండి. అదే గుర్తు. వంకాయ కావచ్చు, బెండకాయ కావచ్చు, దొండకాయ కావచ్చు. వంకాయ వంటి కూర లేదని చాటుపద్యం కట్టుకున్నవాళ్ళం మనం, అందుకే ఎక్కువమంది విషయంలో అది సరైన కాయే. అయితే అన్నింట్లోనూ పడేవాటిని వదలకండి. చింతపండు, కొబ్బరి, కరివేపాకు, కొత్తిమీర, ఇవి వదిలితే మీ కోసం ఇంట్లో రోజూ రెండు వంటలు చేయాలి. మీ త్యాగం కోడలి నడుముకి చుట్టుకుంటుంది. అరటిపండు వదలకండి. ప్రతి గుళ్ళో ప్రసాదం అదే, ప్రతి తాంబూలంలో అదే. ప్రసాదం వద్దనలేక, తినలేక నలిగిపోతారు.

ఇక కాకరకాయ వదలొద్దనడానికి ఇంకో కారణం ఉంది. తద్దినం వంటలో కాకరకాయ నూరు కూరల పెట్టు అని శ్లోకమే ఉంది, "కారవల్లీ శతం చైవ" అని. మీరు తద్దినం పెట్టే కర్త అయితే ఆ రోజు భోక్తలకు వడ్డించి, మీ విస్తట్లో మాత్రం వద్దనుకోవాలి. అరటికాయ, కంద కూడా అంతే, తద్దినానికి కావాల్సినవి. వాటి జోలికి పోకపోవడం మంచిది.

మామిడిపండు చాలామందికి ప్రాణం. వదిలితే చాలా గట్టి సాధన. కాని మాట స్పష్టంగా అనుకోండి. "మామిడి" అని మొత్తంగా వదిలారా, ఆవకాయ పోయింది, మామిడికాయ పప్పు పోయింది, ఉగాది పచ్చడిలో ముక్క కూడా పోయింది. ఉగాది రోజు పచ్చడి ముందు కూర్చుని ఏం చేయాలో తెలియక అడిగేవాళ్ళు ఏటా ఉంటారు. "మామిడిపండు" అనుకుంటే పండు ఒక్కటే. "బంగినపల్లి" అనుకుని రసాలు తినడం మాత్రం సంకల్పం కాదు, సర్దుబాటు. తెలుసు కదా ఆ తేడా.

ఆకు వదిలే ఆనవాయితీ ఉన్నవాళ్ళు ఒక్క ఆకే వదలండి, ఆకుకూరలన్నీ వద్దు. ఈ వయసులో రక్తం తక్కువున్నవాళ్ళకి తోటకూర, గోంగూర, మునగాకు మానిపించడం ధర్మం కాదు. మందులు వాడేవాళ్ళు డాక్టరుగారు తినమన్నవాటిని వదలకండి. భార్యాభర్తలు వెళ్తున్నారా? కుదిరితే ఇద్దరూ ఒకే కాయ వదలండి, వంటింటికి సులువు. ఇద్దరికీ ఇష్టమైనది ఒకటి కాకపోతే వేర్వేరుగానే వదలండి. కాని మీరు వదిలారని ఇంట్లో ఎవరికీ అది వండకుండా చేయకండి. పిల్లలకి వండిపెట్టాలి, పక్కనే కూర్చోవాలి. అసలు పరీక్ష అదే.

ఎంచుకున్నాక బయల్దేరే ముందే ఇంట్లో చెప్పండి. వంట చేసేవాళ్ళకి తెలియాలి. అక్కడితో చాలు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో "మేము కాశీలో వదిలేశామండీ" అని చెప్పనక్కర్లేదు. "చాలండీ, వద్దు" అంటే సరిపోతుంది. ఎందుకంటారా? వదిలిన కాయ స్థానంలో "వదిలాను" అన్న గొప్ప వచ్చి కూర్చుంటుంది. వంకాయ మీద మమకారం కన్నా త్యాగం మీద మమకారం మొండిది. వంకాయ ఎదురుగా ఉంటేనే లాగుతుంది, ఇది ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది.

సరే, వచ్చేశారు. కాశీ సమారాధన అయింది. గంగ చెంబులు పంచారు, కాశీ దారాలు కట్టారు. తర్వాత ఏం జరుగుతుంది? మొదట్లో ఏమీ జరగదు, యాత్ర ఉత్సాహం మోస్తుంది. తర్వాత ఒక రోజు వస్తుంది. ఆ రోజు గురించి చెప్పుకుందాం.

పెళ్ళి భోజనం. విస్తరి వేశారు, నీళ్ళు చల్లారు. వడ్డించే అబ్బాయి వస్తున్నాడు. మీరు ఇంకా తల ఎత్తకముందే గుత్తివంకాయ వాసన తగిలింది, వేయించిన నువ్వులు, ధనియాలు, కాస్త బెల్లం పడిన చింతపండు. చెయ్యి అడ్డం పెట్టేలోపు గరిటె వంగింది, కాయ విస్తట్లో పడింది. తొడిమతో సహా, నాలుగు చీలికల మధ్య కారం, పక్క నుంచి నూనె జారుతోంది. ఇప్పుడు మనసు ఏం చేసింది? ఒక్కొక్క మెట్టూ చూడండి.

గీత రెండో అధ్యాయంలో "ధ్యాయతో విషయాన్ పుంసః" అని రెండు శ్లోకాలున్నాయి, మీకు నోటికి వచ్చినవే. మొదటి మెట్టు ధ్యానం, దాని గురించే ఆలోచించడం. "మా అమ్మ ఇలాగే చేసేది." ఎంత మంచి జ్ఞాపకం! అందులో తప్పేముంది? తప్పు లేదు. కాని రెండో మెట్టు అక్కణ్ణుంచే వస్తుంది, సంగం. "ఇది నాది, నా చిన్నతనం, నా రుచి." మూడోది కామం, "ఒక్క ముక్క రుచి చూస్తే ఏమవుతుంది?" నాలుగోది క్రోధం. క్రోధం ఎక్కడిదండీ ఇక్కడ? ఉంటుంది. "అందరూ వదలమంటే వదిలాను. ఆయన మాత్రం సొరకాయ వదిలి హాయిగా తింటున్నాడు." పక్కన కూర్చున్న భర్త మీద! లేకపోతే అడగకుండా వడ్డించిన ఆ కుర్రాడి మీద. తర్వాత సమ్మోహం, స్మృతి చెడిపోవడం. చెట్టు కింద ఎందుకు వదిలామో ఆ క్షణంలో గుర్తే ఉండదు. చివరిది బుద్ధి నాశనం, "ఈ ఆచారాలన్నీ వట్టివి" అనే తీర్మానం. అర నిమిషంలో ఒక గరిటె కూర ముందు మనిషి ఇన్ని మెట్లు దిగిపోయాడు.

ఎక్కడ ఆపాలి? క్రోధం దగ్గర ఆపడం కష్టం, అప్పటికి వేగం వచ్చేసింది. కామం దగ్గర కూడా కష్టమే, అక్కడ పోరాటమవుతుంది, పోరాడిన కొద్దీ వంకాయ పెద్దదవుతుంది. మొదటి మెట్టు మీద ఆపాలి. వాసన వచ్చింది, సరే వచ్చింది. ముక్కు ఉన్నంతకాలం వస్తుంది. అమ్మ గుర్తొచ్చింది, అమ్మకు ఒక నమస్కారం పెట్టుకోండి. అక్కడే చూపు పక్కకు తిప్పి, విస్తట్లో మరోదాన్ని కలుపుకోండి. పప్పు ఉంది, పులుసు ఉంది. ఆరో అధ్యాయంలో "యతో యతో నిశ్చరతి" అన్నది ఇదే. మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కణ్ణుంచి వెనక్కి తీసుకురావడం. ఎన్నిసార్లు? పోయినన్నిసార్లు. మనసును తిట్టమని చెప్పలేదు, తీసుకురమ్మని చెప్పాడు. విస్తట్లో పడ్డ ముక్క అలా ఉంచేయండి. వృథా అవుతుందని బాధగా ఉంటే ముందే, వడ్డనవాళ్ళు వరస మొదలుపెట్టగానే, చెయ్యి అడ్డం పెట్టడం అలవాటు చేసుకోండి.

పొరపాటున తినేశారనుకోండి. సాంబారులో ముక్క కనపడలేదు, నోట్లోకి వెళ్ళిపోయింది. ఏం చేయాలి? ఏమీ చేయక్కర్లేదు. మిగతా ముక్కలు పక్కన పెట్టి భోజనం పూర్తిచేయండి. వండినవాళ్ళని ఒక్క మాట అనకండి. వదిలిన కాయ కోసం కోడల్ని ఏడిపిస్తే, కాయ వదిలారు గాని కాయ పేరుతో అధికారం పట్టుకున్నారు.

"ఏళ్ళు గడిచినా లోపల కోరిక పోలేదండీ, వాసన వస్తే ఇంకా లాగుతూనే ఉంది" అని బాధపడేవాళ్ళుంటారు. దీనికి గీతలోనే జవాబుంది. "విషయా వినివర్తంతే నిరాహారస్య దేహినః, రసవర్జం." తినడం మానేస్తే వస్తువు దూరమవుతుంది, రుచి మీద మక్కువ మాత్రం మిగిలిపోతుంది. పరతత్త్వాన్ని చూశాకే ఆ మక్కువ పోతుంది. అంటే మీకు జరుగుతున్నది శాస్త్రం చెప్పినట్టే జరుగుతోంది. లాగడం తప్పు కాదు, ఓడిపోవడం కాదు. లాగుతున్నప్పుడు చూస్తూ కూర్చోగలగడం, అదే మీరు కాశీ నుంచి తెచ్చుకున్న లాభం. దాన్ని వంకాయ దగ్గర నేర్చుకుంటే మిగతాచోట్ల పనికొస్తుంది. ఆ మిగతాచోట్ల సంగతే ఇప్పుడు.

ఎందుకంటే, నిజం చెప్పండి, ఈ వయసులో మనల్ని కట్టేసింది వంకాయా? కాదు. నా మాట చెల్లాలన్న పట్టు. బీరువా తాళాలు. "వాళ్ళకి ఇంత చేశాను" అన్న లెక్క. ఇరవై ఏళ్ళ కిందట ఏదో పెళ్ళిలో పిలుపు సరిగా లేదన్న పట్టింపు. గయలో కాయతో పాటు వీటిలో ఒకదాన్ని కూడా వదలమని నా ప్రార్థన. ఒక్కటే. అన్నీ ఒకేసారి వదులుతానంటే ఏదీ వదలలేరు.

ముందు ఒక హెచ్చరిక. పట్టు వదలడమంటే ఆస్తి రాసిచ్చేయడం కాదు. యాత్ర నుంచి వచ్చిన ఊపులో "ఇంక నాకెందుకు" అని ఇల్లు పిల్లల పేర గిఫ్టు డీడు చేసి తర్వాత కష్టపడినవాళ్ళున్నారు. గిఫ్టు రిజిస్టరైతే హక్కు అప్పుడే మారిపోతుంది, మనసు మారితే వెనక్కి తీసుకునే వీలు మామూలుగా ఉండదు. వీలునామా అయితే మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. ఇవ్వక తప్పదనుకుంటే, పోషణ, వైద్యం చూడాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో 23వ సెక్షను ఉంది. షరతు ఉండి పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. వకీలుని అడిగి చేయండి. తలదాచుకునే చోటు, మందులకు డబ్బు ఉంచుకోవడం ఆసక్తి కాదు. అది ఎవరికీ భారం కాకుండా ఉండే ధర్మం.

మరి ఆసక్తి అంటే ఏది? పదమూడో అధ్యాయంలో "అసక్తిరనభిష్వంగః పుత్రదారగృహాదిషు" అన్నాడు. పిల్లలు, భార్య, ఇల్లు, వీటిలో ఆసక్తి లేకపోవడం, అభిష్వంగం లేకపోవడం. అభిష్వంగానికి శంకరాచార్యులవారు భాష్యంలో చెప్పిన అర్థం చూడండి. ఇంకొకరు సుఖంగా ఉంటే నేనే సుఖంగా ఉన్నాననీ, వాళ్ళకి దుఃఖం వస్తే నేనే దుఃఖిస్తున్నాననీ, వాళ్ళుంటే నేనున్నాననీ, వాళ్ళు పోతే నేనే పోయాననీ అనుకోవడం. ప్రేమను వద్దనలేదు ఆయన. నువ్వే వాళ్ళు అనుకోవద్దన్నారు.

ఇది మన ఇళ్ళలో ఎలా ఉంటుంది? అబ్బాయి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. పొద్దున్న ఎనిమిదింటికి ఫోను రావాలి. ఎనిమిదింబావు అయింది, రాలేదు. కాఫీ చల్లారిపోయింది, ముద్ద దిగదు. తొమ్మిదింటికి వస్తుంది. "పనిలో ఉన్నానమ్మా" అంటాడు. అప్పుడు ఏమంటాం? "ఔనులే, మాతో మాట్లాడ్డానికి తీరికెక్కడిది" అంటాం. గంట ఎదురుచూసి తెచ్చుకున్న ఫోనును ఆ ఒక్క మాటతో పాడుచేసుకున్నాం. మర్నాడు వాడికి చెయ్యాలనిపించదు, భయమేస్తుంది. ఇక్కడ వదలాల్సింది ఏమిటి? ఫోనునా? కాదు కదా. గడియారాన్ని. ఎనిమిదింటికే రావాలన్నదాన్ని. వదిలే పద్ధతి ఇది: ఆ వేళకి ఇంకో పని పెట్టుకోండి, గుడికి వెళ్ళడమో, పారాయణో, నడకో. ఫోను వచ్చినప్పుడు మొదటి మాట ఆలస్యం గురించి ఉండకూడదని నియమం పెట్టుకోండి. వాడు ఫోను పెట్టేశాక "ఇంకా అది అడగలేదే" అనిపిస్తే రాసిపెట్టుకోండి, మళ్ళీ చేయకండి. ఇరవై నాలుగు గంటల్లో ఆ ప్రశ్నల్లో చాలా వాటికి ప్రాణమే ఉండదు, చూడండి.

సలహాల పట్టు వదలాలనుకునేవాళ్ళకి ఒకటే నియమం: అడిగితే చెప్పడం, ఒక్కసారే చెప్పడం. నిప్పూ నీళ్ళూ, ప్రాణం మీదికి వచ్చేవి వేరు, అవి అడక్కపోయినా చెప్పాలి. కోడలు పోపులో ముందు ఆవాలు వేసిందా జీలకర్ర వేసిందా అన్నది ఆ కోవలోకి రాదు. ఇక వంటింటి పెత్తనం వదులుతానన్నవాళ్ళు, పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి, హాల్లో కూర్చుని వాసన చూసి ఉప్పు చెప్పకూడదు.

పట్టింపు గురించి. ఇది అన్నింటికన్నా కష్టం. వదిలానన్న తర్వాత ఆ మనిషి ఎదురుపడితే మళ్ళీ పుట్టుకొస్తుంది. అలాంటిది ఉన్నవాళ్ళు బయల్దేరే ముందు ఒక పని చేయండి. ఆ మనిషికి ఒక్క ఫోను చేయండి. పాత సంగతి తవ్వొద్దు, క్షమించానని అసలు చెప్పొద్దు, అది ఇంకో దెబ్బవుతుంది. "కాశీ వెళ్తున్నాం, మీ పేర గంగలో ఒక మునక వేస్తాను" అని చెప్పండి. అంతే. ఆ మునక నిజంగా వేయండి, పేరు తలుచుకుని. అవతలివాళ్ళు పొడిగా మాట్లాడినా సరే. వాళ్ళు కరిగితేనే నేను వదులుతానంటే, అది వదలడం ఎలా అవుతుంది?

మరి ఎంచుకోవడం ఎప్పుడు? కాశీలో ఉన్న రోజుల్లో రాత్రి పడుకునేముందు కూర్చోండి. ఈ రోజు నన్ను ఎక్కువసేపు తినేసిన ఆలోచన ఏది? రోజూ ఒక్క మాట రాసుకోండి. గదిలో వేడినీళ్ళు రాలేదనో, బృందంలో ఎవరో ముందు సీటు తీసుకున్నారనో ఉంటుంది, ఉండనివ్వండి. గయకు బయల్దేరే ముందు ఆ కాగితం చూడండి. ఇల్లు దాటి ఇంత దూరం వచ్చాక కూడా ఏ పేరు, ఏ సంగతి మళ్ళీ మళ్ళీ వచ్చిందో అదే మీరు వదలాల్సింది. మీకై మీరు ఊహించుకున్నది కాకపోవచ్చు. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు, దారిలో దాని గురించి ఎవరితోనూ చర్చ పెట్టకండి. చెట్టు కింద సంకల్పం చెప్పేటప్పుడు కాయ పేరు, పండు పేరు పైకి చెప్పండి. ఇది మాత్రం లోపల అనుకోండి. పండాకు చెప్పక్కర్లేదు, భార్యకూ భర్తకూ చెప్పక్కర్లేదు. దక్షిణ ఎంతన్నది ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ సమయంలో బేరం చేసే అవస్థ ఉండదు. సంకల్పం చెప్పే నోటితో బేరం చేస్తే మనసు దేనిమీద నిలుస్తుంది?

ఇందాక ఒక అమ్మగారు చీటీ పంపారు. చదువుతాను. "గయలో పెట్టాక ఇక తద్దినాలు మానేయొచ్చా?" పండితుల్లో ఎక్కువమంది మానకూడదనే చెబుతారమ్మా. "ప్రత్యబ్దం భూరిభోజనాత్" అని ఏటేటా పెట్టడాన్నీ, గయాపిండాన్నీ ఒకే శ్లోకంలో విడివిడిగా చెప్పారు. ఒకటి చేస్తే రెండోది పోదు. ఆ శ్లోకంలో మొదటి మాట "జీవతో వాక్యకరణాత్", బతికుండగా వాళ్ళ మాట వినడం. మీ ఇంటి పురోహితుణ్ణి అడిగి మీ సంప్రదాయం ప్రకారం చేయండి.

ఇంకో చీటీ. "పదేళ్ళ కిందట వంకాయ వదిలాము. తర్వాత మనవడి పుట్టినరోజున మొహమాటానికి తిన్నాము, అప్పట్నుంచి తింటూనే ఉన్నాము. ఇప్పుడు మళ్ళీ వెళ్తున్నాము, ఇంకోటి వదలాలా?" కొత్తది వద్దండీ. ఆ వంకాయనే మళ్ళీ వదలండి. తిన్నందుకు దిగులు పెట్టుకోకండి. ఈసారి మనవడికి మీరే ముందు చెప్పండి, తాతయ్య వంకాయ తినడురా అని. పిల్లలు భలే గుర్తుపెట్టుకుంటారు, వడ్డించేవాళ్ళకి వాళ్ళే అడ్డం పడతారు. బయల్దేరేది ఎప్పుడు, మంగళవారం కదూ? అయితే ఆదివారం మార్కెట్లో వంకాయలు కొనకండి. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి.